ఫైల్ సరిగ్గా వచ్చిందా? ఫిడోనెట్ కాలం నాటి తనిఖీ పనిముట్లు ఇప్పుడు కూడా కావాలా?



ఈసారి పోస్టు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి. మన గ్రూపులో భూమి గురించి, అడవి హక్కుల గురించి, మన పెద్దల పోరాటాల గురించి చాలా పోస్టులు వచ్చాయి. ఇది వాటికి కాస్త వేరు. ఇది కంప్యూటర్ల చరిత్రలో ఒక చిన్న ముక్క. మా హాస్టల్లో కంప్యూటర్ సబ్జెక్టు తీసుకున్న మేము కొంతమందిమి కలిసి చదివి, వాదించుకుని రాస్తున్నాం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కిన మొదటి వాళ్ళం మేమే. కాబట్టి ఏ మాటా ముందే తెలుసు అనుకోకుండా మొదటి నుంచి చెప్తాం.

సంగతి ఏంటంటే, ఇంటర్నెట్ ఇళ్ళకు రాకముందే అమెరికాలో మామూలు జనం సొంత కంప్యూటర్, సొంత ఫోన్ లైన్ పెట్టి ఒక నెట్‌వర్క్ కట్టుకున్నారు. ప్రభుత్వం కట్టలేదు, కంపెనీ కట్టలేదు. దాంట్లో ఫైళ్ళు ఊరూరూ తిరిగేవి. వచ్చిన ఫైల్ బాగుందా, చెడిపోయిందా, దొంగదా అని చూడటానికి వాళ్ళే పనిముట్లు, అంటే చిన్న చిన్న ప్రోగ్రాములు, రాసుకున్నారు. ఆ నెట్‌వర్క్ బాగా చిన్నదై ఇప్పటికీ సరదా కొద్దీ నడుస్తోంది. మరి ఇంత మంచి ఇంటర్నెట్ వచ్చాక ఆ పాత తనిఖీ పనిముట్లు ఇంకా అవసరమా, తీసి పక్కన పెట్టొచ్చా? ఇదీ ప్రశ్న.

మేము తేల్చుకున్నది ముందే చెప్పేస్తాం. "తనిఖీ" అనే ఒక్క మాటలో మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. ఫైల్ దారిలో చెడిపోకుండా వచ్చిందా? పంపినవాడు పంపిన ఫైలే ఇదా? పంపినవాడు మంచోడేనా? పాత పనిముట్లు మొదటి ప్రశ్నకు బాగా జవాబు చెప్పాయి, రెండోదానికి సగం చెప్పాయి, మూడోది మనుషుల మీద వదిలేశాయి. ఏది పాతబడింది, ఏది పాతబడలేదు అనేది ఈ మూడు విడదీసి చూస్తేనే తెలుస్తుంది.

మంచు తుఫానులో పుట్టిన బోర్డు

1978 జనవరిలో చికాగో నగరంలో పెద్ద మంచు తుఫాను వచ్చింది. జనం ఇళ్ళల్లో ఇరుక్కుపోయారు. అప్పుడు వార్డ్ క్రిస్టెన్సెన్, రాండీ సూస్ అనే ఇద్దరు మిత్రులు ఒక ఆలోచన చేశారు. మన ఊళ్ళో పంచాయతీ ఆఫీసు గోడ మీద నోటీసు అంటిస్తారు కదా, అలాంటి నోటీసు బోర్డు కంప్యూటర్లో పెట్టి, ఫోన్ చేసినవాళ్ళు చదివేలా, రాసేలా చేస్తే ఎలా ఉంటుంది అని. ఆ ఫిబ్రవరి 16న అది మొదలైంది. దాన్నే బులెటిన్ బోర్డ్ సిస్టమ్, పొట్టిగా బీబీఎస్ అన్నారు.

కంప్యూటర్ మాట్లాడేది ఒకట్లు, సున్నాలు. ఫోన్ లైన్ మోసేది శబ్దం. ఒకదాన్ని ఇంకోదానిగా మార్చేది మోడెం. ఆ శబ్దంలో గరగరలు కలిస్తే సున్నా ఒకటి అయిపోతుంది, ఒకటి సున్నా అయిపోతుంది. మాటల్లో అయితే ఒక అక్షరం పోయినా అర్థం చేసుకుంటాం. ప్రోగ్రాంలో ఒక బిట్ తప్పితే అది నడవదు, లేదా ఇంకేదో చేస్తుంది.

దీనికి క్రిస్టెన్సెన్ 1977లోనే ఒక పద్ధతి రాశాడు, పేరు ఎక్స్‌మోడెం. ఫైల్‌ని 128 బైట్ల ముక్కలు చేస్తుంది. ప్రతి ముక్కలోని విలువలన్నీ కూడి, 256తో భాగించగా మిగిలిన శేషాన్ని ముక్క చివర అంటిస్తుంది. అవతల కంప్యూటర్ కూడా కూడుతుంది. రెండూ కలిస్తే "వచ్చింది" అంటుంది, కలవకపోతే "మళ్ళీ పంపు" అంటుంది. అంతే. కిరాణా కొట్లో చీటీ మొత్తం మళ్ళీ కూడి చూసుకున్నట్టే.

కానీ కూడికలో ఒక లోపం ఉంది. మార్కుల మెమోలో తెలుగు 72, లెక్కలు 45 అనుకోండి. రెండూ తారుమారై తెలుగు 45, లెక్కలు 72 పడినా మొత్తం మారదు. మొత్తం సరిపోయింది కాబట్టి మెమో కరెక్ట్ అనేస్తే ఎలా? అందుకే తర్వాత సీఆర్‌సీ అనే పద్ధతి ఎక్స్‌మోడెంలోకీ వచ్చింది. దాని వెనుక ఉన్న లెక్కను వెస్లీ పీటర్సన్ 1961లోనే ప్రచురించాడు. ఇది కూడిక కాదు, భాగహారం. మొత్తం ఫైల్‌ని ఒక పొడవాటి సంఖ్య అనుకుని, ఒక స్థిరమైన సంఖ్యతో ఒక ప్రత్యేక పద్ధతిలో భాగించి శేషం తీసుకుంటారు. మామూలు లెక్కతో ఉదాహరణ చూడండి. 7245, 4572 ఈ రెండింటిలో అంకెలు కూడితే రెండూ 18. కూడికకి తేడా కనపడదు. 7తో భాగిస్తే మొదటిదానికి శేషం 0, రెండోదానికి 1. స్థానం మారితే శేషం పట్టేసింది. సీఆర్‌సీ బలం ఇదే.

32 బిట్ల సీఆర్‌సీలో శేషం 429 కోట్లకు పైగా విలువల్లో ఏదో ఒకటి అవుతుంది. అంటే గాలికి చెడిపోయిన ఫైల్ పొరపాటున పాత శేషమే చూపించే అవకాశం సుమారు 429 కోట్లలో ఒకటి. 1986లో చక్ ఫోర్స్‌బర్గ్ తెచ్చిన జెడ్‌మోడెంలో ఈ 32 బిట్ల సీఆర్‌సీ ఉంది. లైన్ మధ్యలో తెగిపోతే ఆగిన చోటి నుంచి మళ్ళీ మొదలెట్టే వీలు కూడా ఉంది. ఆ రోజుల్లో 2400 బిట్ల మోడెం మీద 300 కిలోబైట్ల ఫైల్ రావడానికి 20 నిమిషాలకు పైనే పట్టేది. కొండ మీదకెక్కి సిగ్నల్ పట్టుకుని అప్లికేషన్ ఫారం డౌన్‌లోడ్ చేసేవాళ్ళకి, 98 శాతం దగ్గర తెగిపోతే ఎలా ఉంటుందో మేము వివరించక్కర్లేదు.

ఫిడోనెట్

1984లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండే టామ్ జెన్నింగ్స్, బాల్టిమోర్‌లో ఉండే జాన్ మాడిల్ తమ రెండు బీబీఎస్‌లను కలిపారు. రెండు ఊళ్ళూ దేశానికి చెరో చివర. పగలు దూరపు ఫోన్ కాల్ ఖరీదు, అర్ధరాత్రి దాటితే చవక. అందుకే రాత్రి ఒక గంట పెట్టుకుని, ఆ గంటలో కంప్యూటర్లే ఒకదానికొకటి ఫోన్ చేసుకుని ఉత్తరాలు మార్చుకునేవి. జెన్నింగ్స్ రాసిన సాఫ్ట్‌వేర్ పేరు ఫిడో, అందుకే ఇది ఫిడోనెట్ అయ్యింది. తర్వాత డాలస్‌కి చెందిన జెఫ్ రష్ ఎకోమెయిల్ అనేది తెచ్చాడు. ఒకచోట రాసిన మాట అన్ని బోర్డుల్లోనూ కనపడేది. 1990ల మధ్యకి ప్రపంచమంతా కలిపి 35,000కు పైగా బోర్డులు ఈ నెట్‌వర్క్‌లో ఉన్నాయి. మన దేశంలో కూడా ముంబై, బెంగళూరు లాంటి నగరాల్లో కొందరు బీబీఎస్‌లు నడిపారు. బెంగళూరులో అతుల్ చిట్నిస్ అలా పేరు తెచ్చుకున్నవాడే. వీఎస్‌ఎన్‌ఎల్ జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది 1995 ఆగస్టు 15న. మన గూడేల్లో చాలావాటికి అప్పటికి ఫోన్ తీగ కూడా రాలేదు, అది వేరే కథ.

ఇంతమందికి ఎవరి ఫోన్ నంబరు ఏదో తెలియాలి కదా. దానికి నోడ్‌లిస్ట్ అనే పట్టిక ఉండేది. ప్రతి శుక్రవారం కొత్తది వచ్చేది. మొత్తం పంపితే ఖర్చు కాబట్టి, పోయిన వారానికీ ఈ వారానికీ తేడా మాత్రమే చిన్న ఫైల్‌గా పంపేవాళ్ళు. ప్రతి ఒక్కరూ తమ దగ్గరున్న పాత పట్టికకు ఆ తేడా కలుపుకుని కొత్త పట్టిక తయారు చేసుకోవాలి. కలపడంలో తప్పు జరిగితే? ఆ పట్టిక మొదటి వరుసలోనే తేదీ పక్కన ఒక అంకె ఉండేది, అది పట్టిక మొత్తానికి సీఆర్‌సీ. కలిపాక లెక్క వేస్తే అదే అంకె రావాలి. రాకపోతే ఎక్కడో తప్పు దొర్లినట్టు. ఫోన్ నంబర్లో ఒక్క అంకె తప్పితే మోడెం అర్ధరాత్రి పూట ఏ సంబంధం లేని ఇంటికి ఫోన్ చేసి కీచుమంటుంది. అందుకే ఆ ఒక్క అంకెకి అంత విలువ.

టిక్ ఫైల్

ఉత్తరాలతో పాటు ఫైళ్ళు కూడా నెట్‌వర్క్ అంతా తిరగడం మొదలైంది. ఒక బోర్డు నుంచి పక్క బోర్డుకి, అక్కడి నుంచి ఇంకో నాలుగింటికి. ఈ పని చేసిపెట్టే ప్రోగ్రాం టిక్. ప్రతి ఫైల్ వెంట ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ వెళ్ళేది. దాంట్లో ఫైల్ పేరు, అది ఏ విభాగానిది, ఎక్కడ పుట్టింది, ఎవరెవరి చేతులు మారి వచ్చింది, ఇంతకుముందే ఎవరికి చేరింది, దాని సీఆర్‌సీ, ఇద్దరి మధ్య ఒప్పుకున్న పాస్‌వర్డ్ ఉండేవి. రేషన్ సరుకు లారీతో పాటు వెళ్ళే చలానా అనుకోండి.

తీసుకున్న బోర్డులో తనిఖీ ఇలా జరిగేది. పాస్‌వర్డ్ కలిసిందా చూస్తుంది. సీఆర్‌సీ లెక్క వేసి చలానాలో ఉన్నదానితో కలుపుతుంది. కలవకపోతే ఫైల్‌ని ముందుకి పంపదు, చెడ్డ ఫైళ్ళ ఫోల్డర్లో పడేస్తుంది. కలిస్తే, చాలామంది నిర్వాహకులు ఇంకో అడుగు వేసేవాళ్ళు. జిప్ విప్పి, వైరస్ స్కానర్ నడిపి, లోపల వివరం రాసిన చిన్న ఫైల్ ఉందా చూసి, మళ్ళీ మూట కట్టి జాబితాలో పెట్టేవాళ్ళు. ఆల్‌ఫిక్స్ లాంటి ప్రోగ్రాములు ఇదంతా రాత్రిపూట వాటంతట అవే చేసేవి.

ఈ బోర్డు నిర్వాహకుల్లో ఎక్కువమందికి దీనికి జీతం లేదు. తమ ఫోన్ బిల్లు తామే కట్టుకుంటూ, తమ ద్వారా పక్కవాడికి చెడ్డ ఫైల్ వెళ్ళకూడదని చేశారు. దారిలో ఉన్న ప్రతి బోర్డూ తనిఖీ చేస్తుంది కాబట్టి, తప్పు ఎక్కడ జరిగిందో అక్కడే ఆగిపోయేది.

దొంగ ఫైళ్ళు వచ్చాక

గరగర శబ్దానికి దురుద్దేశం ఉండదు. మనిషికి ఉంటుంది. 1985 నాటికే "డర్టీ డజన్" అనే జాబితా బోర్డుల్లో తిరిగింది. ఏదో పనికొచ్చే ప్రోగ్రాంలా పేరు పెట్టుకుని, నడిపితే డిస్క్ తుడిచేసే పన్నెండు ఫైళ్ళ పేర్లతో టామ్ నెఫ్ దాన్ని మొదలుపెట్టాడు. పన్నెండుతో ఆగలేదు, జాబితా పెరుగుతూ పోయింది.

ఇక్కడ సీఆర్‌సీ ఏం చేయగలదు? ఏమీ చేయలేదు. దొంగ ఫైల్ కూడా చెక్కుచెదరకుండా, సీఆర్‌సీ సరిగ్గా కలిసి వస్తుంది. 1995లో ఇలాగే జరిగింది. జిప్ ఫైళ్ళు తయారు చేసే పీకేజిప్ అప్పట్లో అందరి కంప్యూటర్లోనూ ఉండేది. ఫిల్ కాట్జ్ దాని 2.04జీ వెర్షన్ 1993లో ఇచ్చాడు. తర్వాత "3.00 వెర్షన్" అని ఒక ఫైల్ బోర్డుల్లో తిరిగింది. కంపెనీ అలాంటిది ఇవ్వనేలేదు. నడిపినవాడి హార్డ్ డిస్క్‌ని నాశనం చేయడానికి ఎవరో తయారు చేసినది. ఆ ఫైల్ దారిలో ఎక్కడా చెడిపోలేదు. చెడ్డగానే పుట్టింది.

దీనికి జవాబుగా రెండో రకం తనిఖీ వచ్చింది. మెకాఫీ వాళ్ళ వైరస్ స్కాన్ బోర్డుల ద్వారానే జనానికి చేరేది. దాని వెంట వ్యాలిడేట్ అనే చిన్న ప్రోగ్రాం ఇచ్చేవాళ్ళు. అది ఫైల్ సైజు, తేదీ, రెండు వేర్వేరు పద్ధతుల్లో లెక్కవేసిన రెండు అంకెలు చూపిస్తుంది. అసలు అంకెలు కంపెనీ తన డాక్యుమెంట్లో రాసి ఇస్తుంది. రెండూ పోల్చుకోవాలి. ఇక్కడ తెలివి పనిముట్టులో లేదు, అసలు అంకె ఎక్కడి నుంచి తెచ్చుకున్నావు అనే దాంట్లో ఉంది. అదే జిప్‌లో వచ్చిన డాక్యుమెంట్ చూసి అదే జిప్‌లోని ప్రోగ్రాంని నమ్మితే, దొంగ రెండూ మార్చేసి ఉండొచ్చు. అసలు అంకె వేరే దారిలో రావాలి.

ఇక అవసరం లేదు అనేవాళ్ళ వాదన

ఫిడోనెట్ బోర్డులు ఇప్పుడు ఎక్కువగా ఫోన్ లైన్ మీద కాదు, ఇంటర్నెట్ మీద బింక్‌పీ అనే పద్ధతిలో మాట్లాడుకుంటున్నాయి. సింక్రోనెట్, మిస్టిక్ లాంటి బీబీఎస్ సాఫ్ట్‌వేర్లు ఇప్పటికీ ఉన్నాయి. హస్కీ అనే సాఫ్ట్‌వేర్ల సమూహంలో టిక్ పని చేసే హెచ్‌టిక్ ఉంది. అంటే పాత ఏర్పాటు అలాగే కొనసాగుతోంది. మరి ఎందుకు మోయాలి అనేవాళ్ళ మాటలో బలం ఉంది.

ఒకటి, ఇంటర్నెట్‌లో డేటా మోసే టీసీపీ తానే ప్రతి ముక్కనీ లెక్క చూసి, తప్పితే మళ్ళీ పంపుతుంది. రెండు, జిప్ ఫైల్ లోపలే ప్రతి ఫైల్‌కీ సీఆర్‌సీ ఉంటుంది, విప్పేటప్పుడు ఎలాగూ తెలుస్తుంది. మూడు, ఈ నెట్‌వర్కుల్లో తిరిగే పాత డాస్ ప్రోగ్రాముల్లో 16 బిట్లవి ఇప్పటి 64 బిట్ల విండోస్‌లో నేరుగా నడవనే నడవవు. వాటిలోని పాత వైరస్ మన కంప్యూటర్‌ని ఏం చేస్తుంది? నాలుగు, విండోస్‌లోనే యాంటీవైరస్ వస్తోంది. మరి అర్ధరాత్రి జిప్పులు విప్పి మళ్ళీ కట్టే ప్రోగ్రాం దేనికి?

మూడు, నాలుగు మాటలు చాలావరకు ఒప్పుకోవచ్చు. పాత డాస్ వైరస్ స్కానర్లు కొత్త వైరస్‌లని గుర్తుపట్టలేవు. వాటిని నమ్ముకుంటే తనిఖీ చేశాం అనే భ్రమ మాత్రం మిగులుతుంది. ఆ ముక్క తీసేయొచ్చు.

మొదటి రెండు మాటల దగ్గర మేము ఒప్పుకోం. టీసీపీలో ఉన్నది 16 బిట్ల కూడిక. మార్కుల మెమో ఉదాహరణ గుర్తుందా, ఆ జాతిదే. 2000 సంవత్సరంలో జొనాథన్ స్టోన్, క్రెయిగ్ పార్ట్రిడ్జ్ నిజమైన నెట్‌వర్కుల మీద కొలిచి చూశారు. కింది స్థాయిలో సీఆర్‌సీ దాటుకుని వచ్చిన ముక్కల్లో కూడా ప్రతి 1,100 నుంచి 32,000 ముక్కల్లో ఒకటి టీసీపీ లెక్కలో తప్పినట్టు కనపడింది. తీగలో గరగర లేకపోయినా, దారిలోని యంత్రాల మెమరీలో, సాఫ్ట్‌వేర్లో ఫైల్ చెడొచ్చు అని దీనివల్ల తెలిసింది. ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒకే అంకెతో పోల్చి చూసే తనిఖీకి సాటి లేదు. టిక్ ఫైల్ చేసింది అదే.

ఇంకొకటి. టీసీపీ కాపలా ఫైల్ దారిలో ఉన్నంతసేపే. ఫైల్ వచ్చి పెన్‌డ్రైవ్‌లో పదేళ్ళు కూర్చుంటే ఎవరు చూస్తారు? జిప్‌లో సీఆర్‌సీ ఉంది నిజమే, కానీ చెడిపోయిందని అది చెప్పేది విప్పినప్పుడే. అప్పటికి మంచి కాపీ ఇచ్చినవాడు లేకపోవచ్చు.

ఒక బిట్ తప్పితే ఏమవుతుంది

ఇది మాటల్లో చెప్తే తేలిగ్గా అనిపిస్తుంది. లెక్క చూడండి. కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఉంటుంది. తెలుగులో "ప" నంబరులో చివరి బిట్ ఒక్కటి మారితే అది "ఫ" అవుతుంది. "పాట" కాస్తా "ఫాట" అవుతుంది. "క" చివరి బిట్ మారితే "ఔ" అవుతుంది. అక్షరం అయితే చదివేవాళ్ళు పసిగడతారు. అంకె "4" చివరి బిట్ మారితే "5" అవుతుంది. సర్వే నంబరు 114 అని రాసిన టెక్స్ట్ ఫైల్లో అది 115 అయిపోతే ఎవరికి కనపడుతుంది? అక్షరం వంకర పోలేదు, గీత పడలేదు. చక్కగా 115 అనే ఉంటుంది. భూమి కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే మన ఇళ్ళల్లో ఆ ఒక్క అంకె ఎంతో మనకు తెలుసు.

మన భాషల సంగతి కూడా ఇంతే. ఆదిలాబాద్ వైపు గుంజాల ఊళ్ళో దొరికిన రాతప్రతుల్లోని గోండి లిపి 2018లో యూనికోడ్ 11.0లో చేరింది. అంటే ఇప్పుడు ఆ లిపిలో టైప్ చేసి ఫైల్‌గా దాచుకోవచ్చు. తెలుగు అక్షరానికి ఫైల్లో మామూలుగా 3 బైట్లు పడితే, దానికి 4 పడతాయి. తెలుగు ఫైల్ చెడితే ఇంకోచోట వెతుక్కుంటే దొరుకుతుంది, కోట్లమంది రాస్తున్నారు. మన భాషల్లో రాసిన ఫైల్, మన అవ్వాతాతల గొంతులో రికార్డ్ చేసిన పాట, చాలాసార్లు ఒకటే కాపీ. అది పోతే మళ్ళీ పాడించడానికి ఆ మనిషి ఉండకపోవచ్చు.

అంకె కలిసినా మోసం జరగొచ్చు

పాత పనిముట్ల పరిమితి కూడా నిజాయితీగా చెప్పాలి. సీఆర్‌సీ ఉన్నది పొరపాట్లు పట్టడానికి. తెలిసినవాడు ఫైల్ మార్చి, ఇంకో నాలుగు బైట్లు సర్దితే పాత సీఆర్‌సీయే వచ్చేలా చేయగలడు. అందుకే హ్యాష్ అనే గట్టి పద్ధతులు వచ్చాయి. రొనాల్డ్ రివెస్ట్ 1991లో తెచ్చిన ఎండీ5ని 2004లో చైనా గణిత శాస్త్రవేత్త వాంగ్ షియావోయున్ బృందం బద్దలు కొట్టింది. అంటే ఒకే హ్యాష్ వచ్చే రెండు వేర్వేరు ఫైళ్ళు చేసి చూపించారు. ఎస్‌హెచ్‌ఏ1కి 2017లో అదే గతి పట్టింది. ఇప్పుడు నమ్మకంగా వాడేది ఎస్‌హెచ్‌ఏ256.

కానీ లెక్క ఎంత గట్టిదైనా చాలదు. 2016 ఫిబ్రవరిలో లైనక్స్ మింట్ వెబ్‌సైట్‌లోకి దొంగలు చొరబడి, డౌన్‌లోడ్ లింకుని దొంగ కాపీ వైపు తిప్పారు. సైట్‌లో లింకు మార్చగలిగినవాడు దాని పక్కన రాసిన అంకె మార్చలేడా? వ్యాలిడేట్ కాలం నాటి పాఠమే ఇది, అసలు అంకె వేరే దారిలో రావాలి.

2024 మార్చిలో ఇంకా విచిత్రం జరిగింది. ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్ళని కుదించే ఉచిత సాఫ్ట్‌వేర్, దాంట్లోనే తనిఖీ లెక్కలు ఉంటాయి. చెడిపోయిన ఫైల్‌ని అది పట్టుకుంటుందా అని పరీక్షించడానికి కావాలని చెడగొట్టిన నమూనా ఫైళ్ళు కూడా దాని వెంట ఉంటాయి. జియా టాన్ అనే పేరుతో ఒకరు రెండేళ్ళకు పైగా మంచి సహాయకుడిలా పనిచేసి, నమ్మకం సంపాదించి, ఆ నమూనా ఫైళ్ళ లోపలే దొంగ దారి దాచిపెట్టారు. విడుదల చేసిన మూట మీద సంతకం సరిగ్గా ఉంది, హ్యాష్ సరిగ్గా ఉంది. కానీ ఆ మూటలో ఉన్నదీ, అందరికీ కనపడేలా పెట్టిన అసలు కోడ్‌లో ఉన్నదీ ఒకటి కాదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, వేరే కంప్యూటర్లోకి లాగిన్ అవ్వడానికి అర సెకను ఎక్కువ పడుతోందేంటి అని తవ్వుకుంటూ పోయి దాన్ని బయటపెట్టాడు. పనిముట్లన్నీ సరే అన్నాయి. అనుమానం వచ్చింది మనిషికి.

మరి మన సంగతి

ఫిడోనెట్ లాంటి నెట్‌వర్కులకు మా జవాబు ఇది. పాత వైరస్ స్కానర్లు, మూట విప్పి కట్టే తంతు తీసేయొచ్చు. చేతులు మారే ప్రతిచోటా అంకె పోల్చడం ఉండాలి, పొరపాట్లకు సీఆర్‌సీ చాలు, మోసానికి ఎస్‌హెచ్‌ఏ256 కావాలి. ఫైల్ ఎక్కడ పుట్టి ఎవరి చేతుల మీదుగా వచ్చిందో రాసే చలానా కూడా అస్సలు తీసేయకూడదు.

మనకి ఫిడోనెట్ లేదు. కానీ సీనియర్ పెన్‌డ్రైవ్ నుంచి జూనియర్ ల్యాప్‌టాప్‌కి, అక్కడి నుంచి ఊళ్ళో తమ్ముడి మెమరీ కార్డుకి వెళ్ళే మెటీరియల్, ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకి ఫార్వర్డ్ అయ్యే నోటిఫికేషన్, ఇదీ చేతులు మారే నెట్‌వర్కే. తేడా ఏంటంటే మన దగ్గర మధ్యలో ఎవరూ తనిఖీ చేయరు. స్కాలర్‌షిప్ స్టేటస్ అని పేరు పెట్టిన ఏపీకే ఫైల్ వస్తే, నొక్కి చూసి పక్క గ్రూపుకి కూడా పంపేస్తాం. అప్లై చేయడానికి చివరి తేదీ మార్చిన పీడీఎఫ్ వచ్చినా అంతే. ఫీజు కట్టాల్సిన అకౌంట్ మార్చినా అంతే. మనవాళ్ళకి ఒక్కసారి పోయిన వంద రూపాయలు, ఒక్కసారి దాటిపోయిన తేదీ మళ్ళీ రావు.

అందుకని మా హాస్టల్లో ఈ పద్ధతి పెట్టుకుందామని అనుకున్నాం, మీరూ ఆలోచించండి.

మొదటిది, ఒకటే కాపీ ఉన్న ఫైళ్ళకి, అంటే పెద్దల పాటలు, గ్రామసభ తీర్మానాల స్కాన్లు, పట్టా కాగితాల ఫోటోలు, ఎస్‌హెచ్‌ఏ256 అంకె తీసి నోటు పుస్తకంలో చేత్తో రాసి పెట్టడం. విండోస్‌లో 7-జిప్ వేసుకుంటే ఫైల్ మీద రైట్ క్లిక్‌తోనే వస్తుంది. అంకె 64 అక్షరాలు ఉంటుంది, మొదటి ఎనిమిది, చివరి ఎనిమిది రాసుకున్నా పొరపాట్లు పట్టడానికి చాలు. ఏడాదికోసారి మళ్ళీ లెక్క చూడాలి. ఫైళ్ళు రెండు వేర్వేరు చోట్ల ఉండాలి, లేకపోతే చెడిందని తెలుస్తుంది గానీ బాగుచేసుకోలేం.

రెండోది, అలాంటివి వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపడం. ఫోటోగా పంపితే అది కుదించేస్తుంది, ఫైల్ మారిపోతుంది, అంకె కలవదు.

మూడోది, నోటిఫికేషన్ ఏదైనా సరే, వచ్చిన పీడీఎఫ్‌లో ఉన్న లింకు నొక్కకుండా ఆ శాఖ వెబ్‌సైట్ మనమే టైప్ చేసి తెరిచి పోల్చుకోవడం. అసలు అంకె వేరే దారిలో రావాలి అన్నదాన్ని మన పనికి మార్చుకుంటే ఇదే. ఏపీకే ఫైల్ గ్రూపుల్లో వస్తే వేసుకోవద్దు, పంపొద్దు.

నాలుగోది, ఫార్వర్డ్ చేసేటప్పుడు ఎక్కడి నుంచి తీసుకున్నామో ఒక ముక్క రాయడం. "శాఖ సైట్ నుంచి నేనే డౌన్‌లోడ్ చేశాను" అన్నా, "ఫలానా అన్న పంపాడు, నేను చూడలేదు" అన్నా సరే. టిక్ ఫైల్లో దారి వివరం ఉన్నట్టు. దీనికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు.

మన గ్రూపులో కంప్యూటర్ తెలిసిన అన్నలు, అక్కలు ఉన్నారు. ఫోన్‌లో హ్యాష్ చూడటానికి నమ్మదగిన యాప్ ఏదైనా వాడుతుంటే కామెంట్లో చెప్పండి. పెన్‌డ్రైవ్‌ల కంటే మంచి పద్ధతిలో మన పాటల రికార్డింగులు దాచే ఏర్పాటు ఎవరి దగ్గరైనా ఉంటే అదీ చెప్పండి. సెలవులకు ఊరు వెళ్ళేవాళ్ళు ఇంట్లో పాత మెమరీ కార్డులు ఉంటే పారేయకుండా తీసుకురండి, ఏమేం తెరుచుకుంటాయో కలిసి చూద్దాం.

జోహార్.